ఫ్యాను రెక్కల స్పోర్ట్సు కారు

నాకో స్పోర్ట్సు కారు ఉండేది. అందులోనూ ఎలక్ట్రిక్ కారు. అందులోనూ లగ్జరీ. కొత్తపేటలో మా మోటారు వైండింగు షాపు పక్కన కిరాణా కొట్టు రేకుల కింద పెట్టుకునేవాణ్ణి. షాపు ముందు కొబ్బరిచెట్టు నీడ ఉండేది గానీ, పైనుంచి కాయ రాలితే కారుకీ నాకూ ఒకేసారి ప్రాణం పోతుందని భయం.

నవ్వేవాళ్ళు నవ్వండి. స్పోర్ట్సు కారుకి ఏం ఉండాలి? రెండే తలుపులుండాలి. ఉన్నాయి. రెండే సీట్లుండాలి. వెనకాల ఇంకో సీటు ఉండేది గానీ అందులో పట్టే మనిషి ఇంకా పుట్టలేదు. నేలకి దగ్గరగా ఉండాలి. మా రోడ్ల మీద అది నేలని తాకని రోజే లేదు. ఎర్రగా ఉండాలి. అమలాపురం తీసుకెళ్ళి వేయించాను. ఇక స్పీడంటారా, దాని సంగతి వేరు. స్పీడు ఉండాలని ఎవరో పెట్రోలు కార్లవాళ్ళు పుట్టించిన మాట.

ఈ పిచ్చి నాకు తొంభైల్లోనే పట్టింది. అప్పటికి ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి, కాలిన మోటార్లకి కొత్తగా రాగితీగ చుట్టే వైండింగు పని నేర్చుకుని, సొంతంగా చిన్న షాపు పెట్టుకున్నాను. మా వీధిలో ఒకాయన మస్కట్టు నుంచి సెలవుకొచ్చి నాకో క్యాలెండరు ఇచ్చాడు. పన్నెండు నెలలకి పన్నెండు కార్లు. జూన్ నెల దగ్గర ఒక ఎర్ర కారు, తేలు తోక ఎత్తినట్టు వెనకాల ఒక రెక్క ఎత్తుకుని ఉంది. ఆ పేజీ తిప్పబుద్ధి కాలేదు. మా షాపులో పదేళ్ళపాటు జూన్ నెలే నడిచింది. పంపుసెట్టు మోటారు ఎప్పుడిస్తావయ్యా అని రైతులు అడిగితే గోడ వైపు చూపించి, "ఈ నెలాఖర్లోగా ఇచ్చేత్తానండి" అనేవాణ్ణి. మాట తప్పినట్టు ఎవరూ నిరూపించలేకపోయారు.

రెండు వేలు దాటిన అయిదారేళ్ళకి, రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన తన భార్య కోసం హైదరాబాదు నుంచి ఒక చిన్న బ్యాటరీ కారు తెప్పించాడు. ఆవిడ అందులో రెండుసార్లు తిరిగి, అగ్గిపెట్టెలో కూచున్నట్టుందని ఇంకెక్కలేదు. ఆయన నా షాపుకొచ్చి, "నీకు మోటార్లంటే ఇష్టం కదా, ఇదీ మోటారే, పట్టుకుపో" అన్నాడు. నా మోటారు సైకిలు ఇచ్చి, ఏడాదిపాటు ఆయన చెరువుల మోటార్లన్నీ ఉత్తినే కట్టిపెట్టే ఒప్పందం మీద తెచ్చుకున్నాను. నీళ్ళు తోడితే పంపు, మనుషుల్ని తోడితే కారు, లోపల రాగితీగ ఒకటేగా అని నా లెక్క.

లగ్జరీ మాత్రం నా చేతిపనే. సీట్లకి పెళ్ళికొడుకు కుర్చీ మీద వేసే ఎర్ర మఖమలు గుడ్డ కుట్టించాను. అద్దం దగ్గర గులాబీ సెంటు సీసా కట్టాను. వెనకాల రెక్క దగ్గరే బుర్ర పెట్టాల్సొచ్చింది. షాపులో కాలిపోయిన సీలింగు ఫ్యాన్లకి లోటు లేదు. రెండు రెక్కలు తీసుకుని, జోడించి, ఎర్ర రంగేసి, డిక్కీ తలుపుకీ పైకప్పుకీ కలిపి బోల్టులు బిగించాను. అది బిగించాక డిక్కీ తెరుచుకోవడం మానేసింది. డిక్కీలో దాచుకునే ఆస్తులు నాకేమున్నాయిలే అని ఊరుకున్నాను.

మా ఆవిడ డిగ్రీ చదివింది. ఆ మీద బి.ఇడి. కూడా. నన్నెందుకు చేసుకుందో ఆవిడా చెప్పదు, నేనూ అడగను. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఏమండీ, ఫ్యాను రెక్కలు పెట్టేరు, రెగ్యులేటరు ఎక్కడుంది?" అంది. మా మామగారు రిటైరైన హెడ్మాస్టరు. ఏ కొత్త వస్తువొచ్చినా దాని మీద చెయ్యేసి ప్రార్థన చేసే అలవాటు ఆయనకి. బానెట్టు మీద చెయ్యేసి కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, మా అల్లుడికి వాహనమిచ్చావు, స్తోత్రం. దానికి కాస్త చప్పుడు కూడా ఇచ్చి ఉంటే ఎదురొచ్చేవాళ్ళు క్షేమంగా ఉండేవారు. ఆమెన్" అన్నారు.

ఆయన భయం నిజమే. ఆ కారుకి చప్పుడు లేదు. గేదెలు కూడా పట్టించుకునేవి కావు. ఒకసారి కాలవగట్టు మీద ఇద్దరు పెద్దమనుషులు సైకిళ్ళు పక్కపక్కనే తొక్కుకుంటూ వెళ్తుంటే, హారను కొట్టకుండా వెనకాలే వెళ్ళాను.

"ఆ వైండింగోడు కారు కొన్నాడంటండి."

"కారా అదీ? కోడిపెట్టల గూడుకి చక్రాలెట్టినట్టుందండి."

"దాన్నేసుకుని రాజులాగ తిరుగుతున్నాడండి."

"తిరగనివ్వండి. వర్షాకాలమొత్తే షాకు కొట్టి వాడే దిగుతాడు."

కిటికీలోంచి తల బయట పెట్టి, "నమస్కారమండీ, షాకు కొట్టదండి, ఎర్తింగు ఇచ్చేను" అన్నాను. ఒకాయన సైకిలు కుడివైపు తిప్పేడు, ఇంకొకాయన సరాసరి కాలవలోకి తిప్పేడు. ఆయన్ని పైకి లాగి, మఖమలు సీటు తడిసిపోతుందని బాధపడుతూనే ఇంటి దగ్గర దింపాను. దిగేటప్పుడు, "సీటు బాగుందండి" అన్నాడు. అదీ లగ్జరీ అంటే.

ఇలా సరదాగా తిరుగుతుంటే మా ఆవిడకి ఉద్యోగం వచ్చింది. గవర్నమెంటు స్కూల్లో లెక్కల టీచరు. మూడుసార్లు పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. పోస్టింగు సఖినేటిపల్లి దగ్గర ఊళ్ళో, అంటే మాకు కోనసీమ ఈ చివర్నుంచి ఆ చివరికి. ఆర్డరు అందిన పదిహేను రోజుల్లోగా చేరాలి, లేకపోతే పోస్టు రద్దు అని కింద ఒక లైను ఉంది. ఆ లైను ఆవిడ చదివింది. నేను పై లైన్లు చదివి, "అంత దూరమెందుకు, నాకు తెలిసినాయన ఒకడున్నాడు, కొత్తపేటకే మార్పించేత్తాడు" అని కోతలు కోశాను. నాకు తెలిసినాయన ఇవాళ, రేపు అంటూ పద్నాలుగు రోజులు తినేశాడు. పద్నాలుగో రోజు సాయంత్రం ఫోను చేస్తే, "అదేదో మార్పించే ఆఫీసు మాది కాదంటండి" అన్నాడు.

మా ఆవిడ అరవలేదు. ఆర్డరు మడిచి హ్యాండుబ్యాగులో పెట్టుకుని, "రేపు సాయంత్రం నాలుగున్నరకి స్కూలు మూసేస్తారు. ఆలోపు నేను సంతకం పెట్టాలి. ఎలా తీసుకెళ్తారో నాకు తెలీదు" అంది. మూడుసార్లు పరీక్ష రాసిన కష్టం నా నోటి గొప్పల మీద పోయేలా ఉంది.

తెల్లారి లేచేసరికి బంద్. పెట్రోలు ధర పెంచారని రాష్ట్రమంతా బంద్. బస్సుల్లేవు. ట్యాక్సీలవాళ్ళు అద్దాలు పగులుతాయని రాలేదు. నా మోటారు సైకిలు రొయ్యల ఆసామి ఇంట్లో ఉంది. మా ఆవిడ బయటికొచ్చి కారు వైపు చూసింది. అంత ప్రేమగా దాన్ని చూడటం అదే మొదలు.

"ఇది అంతదూరం వెళ్తుందా?"

"మధ్యలో ఒకచోట చార్జింగు పెడితే బ్రహ్మాండంగా వెళ్తుంది. దారిలో మీ పెదనాన్నగారి ఇల్లుందిగా."

రావులపాలెం వైపు పోకుండా లోపలి రోడ్డు పట్టుకున్నాం. మా కోనసీమ గన్నవరం దగ్గర రోడ్డుకడ్డంగా బల్లలు వేసి జెండాలు పట్టుకుని పాతిక మంది ఉన్నారు. ఒకాయన బానెట్టు మీద కొట్టి, "బంద్ అని తెలీదాండీ? వెనక్కి తిప్పండి" అన్నాడు.

"బంద్ దేనికండీ?" అన్నాను.

"పెట్రోలు రేటు పెంచినందుకండి."

"మరి నేను కొన్నాళ్ళుగా బంద్‌లోనే ఉన్నానండి. దీనికి పెట్రోలు పొయ్యరండి. కావాలంటే వాసన చూడండి."

ఆయన నిజంగానే వంగి వాసన చూశాడు. గులాబీ సెంటు వచ్చి ఉంటుంది. వెనక్కి తిరిగి, "ఒరేయ్, ఇది కరెంటు కారంట్రా" అని కేకేశాడు. పాతిక మందీ చుట్టూ మూగారు. ఇంకొకాయన మైకు తీసుకుని, పెట్రోలుకి ఎదురు తిరిగిన మొట్టమొదటి పౌరుడని నన్ను పొగిడాడు. మెడలో బంతిపూల దండ వేశారు. ఫ్యాను రెక్కలకి జెండా కట్టారు. ఉపన్యాసం అయ్యేదాకా కదలనివ్వలేదు. మా ఆవిడ వాచీ చూసుకుంటూ, "పౌరుడుగారూ, పదకొండైంది" అంది.

గన్నవరం దాటి లంక ఊరికి చేరేసరికి చార్జింగు ముల్లు సగానికి కిందకొచ్చేసింది. అనుకున్నట్టే మా ఆవిడ పెదనాన్నగారి ఇంటి ముందు ఆపాను. మావయ్యగారు చాలా మర్యాదస్తులు. ఎవరేం చెప్పినా "ఆయ్" అంటారు. ఆ మాట మా గోదావరి జిల్లాల్లో అందరం అంటాం. అవునని అర్థం. సరేనని అర్థం. వింటున్నాను, కానివ్వండి అని కూడా అర్థమే.

"మావయ్యగారూ, అరుగు మీద ప్లగ్గులో వైరు పెట్టుకోవచ్చాండీ?"

"ఆయ్."

"కరెంటు ఉందాండీ?"

"ఆయ్."

వైరు పెట్టాను. డ్యాష్‌బోర్డు మీద లైటు చూద్దామని వంగేలోపే అత్తయ్యగారొచ్చి, అల్లుడుగారు ఎండలో నిలబడకూడదని చెయ్యి పట్టుకుని పెరటి వసారాలోకి లాక్కెళ్ళిపోయారు. కాళ్ళకి నీళ్ళు, మజ్జిగ, ఆ వెనకాలే అరిటాకు. పనసపొట్టు కూర, చేపల పులుసు. మా ఆవిడ కంగారు పడుతుంటే, "కారు అన్నం తింటోంది, మనమూ తిందాం. రెండు గంటలు ఎక్కితే చాలు" అన్నాను. అత్తయ్యగారు పక్కన కూచుని తాటాకు విసనకర్రతో నాకు విసురుతూనే ఉన్నారు. నా మీద ఎంత ప్రేమ అనుకున్నాను. మధ్యలో మావయ్యగారు అటుగా వస్తే మళ్ళీ అడిగాను కూడా.

"ఎక్కుతోందాండీ?"

"ఆయ్."

ఒంటిగంటన్నరకి వెళ్ళి చూద్దును కదా, ముల్లు ఎక్కడ వదిలిపెట్టానో అక్కడే ఉంది. ప్లగ్గు ఊపాను. అరుగు మీద లైటు స్విచ్చి వేశాను. వెలగలేదు. అప్పుడు గుర్తొచ్చింది విసనకర్ర.

"మావయ్యగారూ, కరెంటు ఉందన్నారు కదండీ?"

"ఆయ్, ఉందండి. లైను లాగి పాతికేళ్ళయిందండి. మన ఇంటికే ముందు ఇచ్చేరు."

"ఇప్పుడు లేదు కదండీ!"

"ఆయ్, ఇప్పుడు లేదండి. పొద్దుట ఆరింటికి తీసేరు, రెండింటికి గానీ ఇవ్వరండి."

"మరి ఎక్కుతోందాండీ అంటే ఆయ్ అన్నారు?"

ఆయన చాలా నొచ్చుకున్నారు. "అన్నం ఎక్కుతోందా అని అడిగేరనుకున్నానండి. అల్లుడుగారికి బాగానే ఎక్కుతోంది కదండీ."

ఇరవై ఏళ్ళ నుంచి కరెంటు మీద బతుకుతున్నవాణ్ణి, ఒక టెస్టరు పెట్టి చూసుకోలేదు. మా ఆవిడ నా వంక చూసిన చూపుకి బ్యాటరీ ఎక్కాల్సింది. రెండింటిదాకా ఆగి అప్పుడు చార్జింగు పెడితే స్కూలు మూసేస్తారు. ఉన్నదాంతోనే బయలుదేరాం. అత్తయ్యగారు వద్దన్నా వినకుండా ఒక అరటిగెల, ఎనిమిది కొబ్బరికాయలు మా ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టారు.

రాజోలు దాటేదాకా నా విద్యంతా చూపించాను. రేడియో ఆపేశాను. హారను ముట్టలేదు. ఎదురుగాలి తగ్గుతుందని అద్దాలెక్కించి ఇద్దరం చెమటలో మునిగాం. "ఆ అరటిగెల పారేద్దామా, బరువు తగ్గుతుంది" అంటే, "బరువు తగ్గాలంటే మీరు దిగి నడవండి" అంది. ఫ్యాను రెక్కలకి కట్టిన జెండా గాలికి వెనక్కి లాగుతోందని దాన్నీ విప్పేశాను. సఖినేటిపల్లి ఇంకో అయిదారు కిలోమీటర్లుందనగా, కాలవగట్టు మీద, కారు పెద్ద నిట్టూర్పు కూడా లేకుండా ఆగిపోయింది. ఆగిందని మాకు రెండు నిమిషాలదాకా తెలియనే లేదు. నడుస్తున్నా అంతే కదా.

టైము మూడూ నలభై. మా ఆవిడ దిగి రోడ్డు మీద నిలబడి రెండువైపులా చూసింది. కళ్ళల్లో నీళ్ళు లేవు. అందుకే నాకు భయం వేసింది. అంతలో రాజోల్లో కొబ్బరికాయలు దింపేసి ఖాళీగా వస్తున్న ట్రాక్టరు ఒకటి కనబడింది. వెనక తగిలించిన ట్రక్కులో నలుగురు కూలీలున్నారు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"స్కూలు దాకా దింపుతారా అండి? ఉద్యోగంలో చేరాలి, ఇవాళే ఆఖరు రోజు."

"ఎక్కండమ్మా," అన్నాడు డ్రైవరు. తరవాత నా కారు చూశాడు. "ఇదేంటండీ?"

"స్పోర్ట్సు కారండి," అన్నాను.

"వదిలేసి ఎల్తారాండీ? సందేలకి ఆ రెక్కలు ఎవడో ఒకడు ఇంటికట్టుకుపోయి ఉయ్యాల కట్టేత్తాడండి."

"తాడు కట్టి లాగుతారా?" అన్నాను. అతను ముందు బంపరు మీద వేలితో కొట్టి చూశాడు. "ఇది పలాస్టిక్కండి. లాగితే బంపరు సకినేటిపల్లి వత్తాది, కారు ఇక్కడే ఉంటాది. ట్రక్కులోకి ఎక్కించేద్దామండి. గట్టు కింద ట్రక్కు పెడితే సమానంగా వత్తాది."

మా ఆవిడ వాచీ చేత్తో పట్టుకుని, "పది నిమిషాలు. పదకొండో నిమిషం అది ఎక్కినా ఎక్కకపోయినా మనం బయలుదేరతాం. మీరు కారుతో ఉంటారో నాతో వస్తారో మీ ఇష్టం" అంది. "నీతోనే" అన్నాను. ఆ మాట కారు వినకుండా మెల్లిగా అన్నాను.

ట్రక్కుని గట్టు కిందకి వెనక్కి పెట్టి, రెండు చెక్కలు వేశారు. మేం అయిదుగురం వెనకాల తొయ్యాలి. డ్రైవరు ట్రాక్టరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి, మరి కారు స్టీరింగు ఎవరు పట్టుకుంటారు? మా ఆవిడే ఎక్కి కూచుంది. "కుడికి, కుడికి" అని నేను అరిస్తే ఎడమకి తిప్పింది, అదే సరైనదని తరవాత తెలిసింది. తొమ్మిదో నిమిషంలో కారు ట్రక్కులోకి, సీసాలోకి బిరడా దిగినట్టు దిగింది. ట్రాక్టరు కదిలింది. కూలీలు ట్రక్కు రేకులు పట్టుకుని నిలబడ్డారు, నేను డ్రైవరు పక్కన మడ్‌గార్డు మీద కూచున్నాను.

అప్పుడు వెనకనుంచి మా ఆవిడ పిలిచింది. "ఏమండీ, తలుపు రావట్లేదు."

ట్రక్కు పక్క ఇనప రేకులకి కారు తలుపులు ఆనుకుపోయాయి. నాలుగు వేళ్ళ సందు కూడా లేదు. కిటికీలో తలా చేతులూ పడతాయి గానీ మనిషి పట్టదు. వెనక డిక్కీలోంచి వద్దామంటే దానికి నా ఫ్యాను రెక్కలు బిగించి ఉన్నాయి.

"స్కూలు దగ్గర చూద్దాంలే," అన్నాను.

"స్కూలు దగ్గర మీరే చూస్తారు," అంది.

అలా మా ఆవిడ ఎత్తు మీద, ఎర్ర కారులో, మఖమలు సీట్లో, నా మీద ఏమాత్రం నమ్మకం లేని మొహంతో ఊళ్ళోకి ప్రవేశించింది. నా మెడలో వేసిన బంతిపూల దండ నేనే ఎప్పుడో తీసి స్టీరింగుకి తగిలించాను, అది కూడా కిటికీలోంచి కనబడుతోంది. రోడ్డు పక్క అరుగుల మీద జనం లేచి నిలబడ్డారు. ఒక పెద్దావిడ చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఒకాయన పక్కాయన్ని అడుగుతున్నాడు: "ఏ పార్టీ అండి?" "తెలీదండి, గుర్తు మట్టుకు ఫ్యానులాగుందండి."

స్కూలు గేటు దగ్గరకొచ్చేసరికి నాలుగూ ఇరవై. ఆ స్కూలు హెడ్మాస్టరుగారు సైకిలు తాళం తీస్తున్నారు. మా ఆవిడ కిటికీలోంచి అందించిన ఆర్డరు పరిగెత్తుకెళ్ళి ఆయన చేతిలో పెట్టి, "టీచరుగారొచ్చేరండి, చేర్చుకోవాలండి" అన్నాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆర్డరు మొత్తం చదివారు. కింద లైను రెండుసార్లు చదివారు. "సంతోషమండి. ఏరండీ టీచరుగారు?"

పైకి చూపించాను. మా ఆవిడ కిటికీలోంచి నమస్కారం పెట్టింది.

"దిగమనండి, రిజిస్టరు తీయిస్తాను."

"దిగలేరండి."

"ఒంట్లో బాలేదా అండి?"

"కారు ఒంట్లో బాలేదండి." ఉన్నది ఉన్నట్టు రెండు ముక్కల్లో చెప్పేశాను. ట్రక్కు రేకులు విప్పాలంటే వెల్డింగు తొలగించాలి. కారు దింపాలంటే మళ్ళీ ఎక్కడో ఒక గట్టు వెతకాలి. రెండూ నాలుగున్నరలోపు అయ్యేవి కావు.

హెడ్మాస్టరుగారు ట్రాక్టరు చక్రాల వైపు చూసి, గేటు వైపు చూసి, "రూల్సు ప్రకారం ఉపాధ్యాయురాలు పాఠశాల ఆవరణలో స్వయంగా హాజరు కావాలండి. ఈ బండి గేటు బయట ఉంది" అన్నారు.

మాకెవరికీ అర్థం కాలేదు. డ్రైవరుకే ముందు వెలిగింది. ట్రాక్టరు వెనక్కి ముందుకి రెండుసార్లు ఆడించి, గేటు స్తంభానికి వెంట్రుకవాసి దూరంలో లోపలికి తెచ్చేశాడు. హెడ్మాస్టరుగారు వచ్చి వెనక చక్రం కూడా గేటు దాటిందో లేదో వంగి చూశారు. తరవాత హాజరుపట్టీ, ఇంకుపెన్నూ పట్టుకుని, పంచె ఎగ్గట్టి, కూలీల భుజం ఆసరాతో ట్రక్కు రేకు మీదికెక్కారు. కిటికీలోంచి రిజిస్టరు లోపలికిచ్చారు.

మా ఆవిడ దాన్ని స్టీరింగు మీద ఆనించుకుంది. బంతిపూల దండ పక్కకి జరిపి, పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా, పొల్లు పోకుండా రాసింది. ఆయన గడియారం చూసి పక్కన టైము వేశారు: నాలుగూ ఇరవై ఎనిమిది.

"చేరినట్టేనాండీ?" అంది ఆవిడ కిటికీలోంచి.

"చేరినట్టేనమ్మా. రేపు తొమ్మిదిన్నరకి ఏడో తరగతి. భిన్నాలు మొదలెట్టాలి." ఆయన కిందకి దిగుతూ నా వైపు తిరిగారు. "రేపు మట్టుకు దింపి తీసుకురండి బాబూ. నల్లబల్ల అంత ఎత్తుకి లేదు."

కారుని గోదావరి రేవు దగ్గర, ఏరు దాటే బళ్ళని పంటు పడవలోకి ఎక్కించే ఏటవాలులో దింపేసరికి సందె పడింది. అప్పటిదాకా ఆవిడ లోపలే కూచుని అరటిపండ్లు ఒక్కొక్కటే తుంచి కూలీలకీ డ్రైవరుకీ కిటికీలోంచి అందించింది. ఆఖర్న నాకూ ఒకటిచ్చింది. ఆ రోజు మా ఆవిడ నేల మీద కాలు పెట్టకుండానే గవర్నమెంటు టీచరైంది.